బండి రాని స్టేషన్ గారికి, సీతాఫల్‌మండి నుంచి

ఇంగ్లండ్‌లోని పెట్‌వర్త్ పాత రైల్వే స్టేషన్ గారికి,

నమస్కారం. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మొన్న ఫొటోల్లో చూశాం. లండన్‌లో ఉండే మా తమ్ముడు పెళ్లిరోజని భార్యతో వచ్చి, ఇప్పుడు హోటల్‌గా మారిన మీ దగ్గర డబ్బు కట్టి ఒక రాత్రి దిగాడు. పట్టాల మీద నిలబెట్టిన పాత పుల్‌మన్ అనే దర్జా రైలుపెట్టెలో పడక, వెయిటింగ్ రూమ్‌లో టిఫిన్. ఫోన్‌లో ఇదంతా చూపిస్తుంటే అమ్మ అడిగింది.

"పడుకోవడానికి స్టేషన్‌కి పోయారేంట్రా? బండి ఎన్నింటికి?"

"బండి లేదమ్మా."

"క్యాన్సిలా?"

"అవును, 1955లో."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లుండగా స్టేషన్‌లో పడుకోవడం ఆవిడ లెక్కలో కష్టకాలం. మేమూ పడుకున్నాం లెండి. ఒకసారి బండి ఆరు గంటలు లేటు. కింద పేపరు పరిచి, చెప్పులు దొంగలు ఎత్తుకుపోకుండా తల కింద పెట్టుకుని, సూట్‌కేసుని గొలుసుతో నాన్న కాలికి కట్టి. నిద్ర పట్టీ పట్టగానే పైనుంచి "దయచేసి వినండి" అని మైకు. దానికి మా దగ్గర ఎవరూ పైసా తీసుకోలేదు. ఆ రాత్రికి విలువ కట్టడం మాకు చేతకాలేదని మిమ్మల్ని చూశాకే తెలిసింది.

మీ జాతకం ఆశ్చర్యంగా ఉంది. మా సికింద్రాబాద్‌కి 1874లో రైలొస్తే మీ ఊరికి 1859లోనే వచ్చింది. ఇప్పుడున్న మీ చెక్క భవనం 1892 నాటిది. స్టేషన్‌కేమో ఊరి పేరు, ఊరేమో దాదాపు మూడు కిలోమీటర్ల అవతల. ఈ జబ్బు మాకూ ఉంది కాబట్టి నవ్వను. 1955లో ప్రయాణికుల బండ్లు ఆపేశారు, 1966లో గూడ్సు కూడా పోయింది. బ్రిటిష్ రైల్వే ఛైర్మన్ బీచింగ్ దొర 1963లో 2,363 స్టేషన్లు మూసేయమని రిపోర్టు రాసేనాటికే మీరు ప్రయాణికుల బాధ వదిలించుకుని కూర్చున్నారు. ముందుచూపంటే అదీ!

మా వాళ్లకి ఆ అదృష్టం లేదు. కాచిగూడ 1916 నుంచి ఆ గుమ్మటాలు మోస్తూ ఇంకా టిక్కెట్లు అమ్ముతూనే ఉంది. సికింద్రాబాద్‌లో కొత్త స్టేషన్ కోసం 2025లో పాత భవనాన్ని కూల్చేశారు. అది చేసిన తప్పేమిటంటే రోజూ జనం రావడం. జనం వచ్చే స్టేషన్‌కి చోటు చాలదు, బుల్డోజర్ వస్తుంది. జనం మానేసిన స్టేషన్‌కి పూలకుండీలూ, మెత్తటి దుప్పట్లూ వస్తాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తిట్లు తిని, రిటైరయ్యాక శాలువా కప్పించుకున్న పెద్దమనిషిలా ఉన్నారు మీరు.

ఒక్క మనవి. వచ్చే ఏడాది అమ్మని తీసుకొద్దామనుకుంటున్నాం. ఆవిడ బండి టైముకి రెండు గంటల ముందే తయారవుతుంది, పులిహోర కట్టుకుంటుంది, మీ బల్లల మీద పసుపు మరకలు పడొచ్చు, ఏమీ అనుకోకండి. మా ఇల్లు పట్టాల పక్కనే. కూత వినపడకపోతే ఆవిడకి నిద్ర పట్టదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి "బండొచ్చిందా?" అని కచ్చితంగా అడుగుతుంది. ఏం చెప్పాలో మీరే ఆలోచించి పెట్టండి.

ఇట్లు,
ఎప్పుడూ వెయిటింగ్ లిస్టులోనే ఉండే ఒక ప్రయాణికుడు