బిల్లు కాదు, చార్జర్ లోపల చూడండి

ఫోను తీసేశాక కూడా చార్జర్‌ను ప్లగ్గులోనే వదిలేస్తే కరెంటు బిల్లు పెరుగుతుందని, మంటలు రేగుతాయని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రెండింటినీ ఒకే గాటన కట్టేశారు. బిల్లు సంగతి పక్కన పెట్టండి. ప్రమాణాల ప్రకారం తయారైన ఆధునిక చార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు లాగేది సుమారు 0.1 వాట్ మాత్రమే. ఏడాది పొడవునా ఉంచినా ఒక యూనిట్ కూడా కాదు.

ప్రమాదం మాత్రం కొట్టిపారేయదగింది కాదు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ లోపల విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్ మీద అధిక వోల్టేజీ ఉంటుంది. ఉరుముల వేళ వచ్చే వోల్టేజీ పోటు నేరుగా దానికే తగులుతుంది. గోడలోంచి వచ్చే కరెంటుకూ మన చేతిలోని 5 వోల్టుల తీగకూ మధ్య అడ్డుగోడ ఏమిటంటే, చార్జర్ లోపల వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య ఇన్సులేషన్, బోర్డు మీద వదిలిన కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ. నకిలీ చార్జర్లలో పొదుపు చేసేది సరిగ్గా అక్కడే! పైకి ముద్రలన్నీ అచ్చుగుద్దినట్టే ఉంటాయి మరి.

ఆ వ్యాసంలో అసలు ప్రస్తావించనిది వదులైన సాకెట్. పిన్నులు బిగువుగా పట్టకపోతే ఆ సందులో నిప్పురవ్వలు లేచి, వేడికి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. ముఖ్యంగా ఫోను చార్జ్ అవుతున్నప్పుడు. ఆ మచ్చ కనిపిస్తే చార్జర్ మార్చినంత మాత్రాన సరిపోదు, సాకెట్‌నూ మార్చాలి.

పాకే పిల్లలున్న ఇంట్లో అయితే నేను స్విచ్ కట్టేయమనే అంటాను. వేలాడే తీగ కొస నోట్లో పెట్టుకుంటే, 5 వోల్టులే అయినా తడి వల్ల పెదవి, నాలుక కాలే అవకాశముంది.