సెవియాలో సాయంత్రం ఆకలేస్తే అంతే సంగతులు

అసలు ఈ స్పెయిన్ వాళ్ళు రాత్రి భోజనం ఎప్పుడు చేస్తార్రా బాబూ! సెవియాలో పొద్దున్నుంచి తిరిగీ తిరిగీ, ఆ పెద్ద చర్చి పక్కనున్న గిరాల్డా టవర్ ఎక్కి (మెట్లు కాదు, 35 ర్యాంపులు, అప్పట్లో గుర్రమ్మీద పైకెళ్ళేవాళ్ళట, మనకేమో మోకాళ్ళే గుర్రాలు) కిందకి దిగేసరికి ఐదున్నర, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. హోటల్‌కెళ్తే కిచెన్ క్లోజ్, ఎనిమిదిన్నరకి రండి అన్నాడు. పక్కదాంట్లోనూ అదే పాట. బీరు మాత్రం ఇస్తాడట, దాంతోపాటు గిన్నెలో నాలుగు ఆలివ్ కాయలు. నాలుగు కాయలతో ఏం చెయ్యాలి, ఊరగాయ పెట్టుకోవాలా?

వీధినిండా నారింజ చెట్లు, కాయలు రాలి కాళ్ళకింద పడుతున్నాయి, ఆశపడి ఒకటి ఒలిచి నోట్లో పెట్టుకున్నా... విషం లాంటి చేదు! మార్మలేడ్ అనే జామ్ చేసుకునే రకమట అవి.

ఎనిమిదిన్నరకి మొదటి బేరం మేమే. నెత్తిమీద పంది తొడలు వరసగా వేలాడుతున్నాయి, మా ఆవిడ తలెత్తకుండా కూర్చుంది. పాలకూర శనగల కూర ఉంటుందిక్కడ, జీలకర్ర వేసి చేస్తారు, నిజం చెప్పాలంటే అదిరిపోయింది, రెండు చపాతీలుంటే ఇంకేం అక్కర్లేదు, కానీ ఇక్కడ తాపా అని చిన్న వడ్డన ఇస్తారు, అంటే అరచేతిలో పట్టేంత గిన్నె, మూడుసార్లు తెప్పించుకున్నాం. అడక్కుండా తెచ్చిపెట్టిన బ్రెడ్డుక్కూడా బిల్లేశాడు మహానుభావుడు. మేం లేచి బయటికొస్తుంటే టైం పదిన్నర, అప్పుడు చంటిపిల్లల్ని బండ్లో తోసుకుంటూ లోకల్ వాళ్ళు తాపీగా లోపలికొస్తున్నారు.