ఆ శిక్షణ ప్రతి టీచరుకూ కావాలి

టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన తరచూ తిరుగుతోంది. ‘ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి మామూలు టీచర్లకు ట్రైనింగులు దండగ, వాళ్లకు స్పెషల్ టీచర్లు ఉన్నారు. ఆ పిల్లల కోసం ఆగితే మిగతా క్లాసు వెనకబడుతుంది. తెలివైన పిల్లలకైతే ఏదీ అక్కర్లేదు. రామానుజన్‌కు ఎవరు నేర్పారు?’ అని. యాప్‌లతో, రిజిస్టర్లతో విసిగిపోయిన టీచర్లు దీనికి తలూపుతున్నారంటే ఆశ్చర్యం లేదు. కానీ ఇందులో ఒక్క మాటా నిలవదు.

‘స్పెషల్ టీచర్లు చూసుకుంటారు.’ మన రెండు రాష్ట్రాల్లో ఈ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఎక్కువగా మండల కేంద్రాల్లోనే ఉంటాయి. అక్కడి ఐఈఆర్‌పీలు, అంటే ఈ పిల్లలకు నేర్పే స్పెషల్ టీచర్లు, మండలంలోని పిల్లల్ని, ఇల్లు కదలలేని వాళ్లతో సహా చూడాలి. పిల్లాడు మాత్రం రోజూ తన ఊరి బడిలో, మామూలు టీచరు ముందే కూర్చుంటాడు. ఇలాంటి పిల్లలు ప్రాథమిక తరగతుల్లో 10 మందికి, ఆపైన 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని కేంద్రం 2022లో చెప్పింది. ఆ పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయండని 2025లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

సరే, అన్నీ భర్తీ అయ్యాయే అనుకుందాం. ముందు గుర్తుపట్టేది ఎవరు? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్‌లెక్సియా లాంటి అభ్యసన సమస్యలూ ఉన్నాయి. అవి కంటికి కనబడవు. ఆరో తరగతి అమ్మాయి పాఠం మొత్తం నోటితో చక్కగా చెబుతుంది. రాయమంటే ‘ప’ బదులు ‘వ’ పడుతుంది, దీర్ఘాలు ఎగిరిపోతాయి, వత్తులు మాయమవుతాయి. ఒకటి రెండు తప్పులు ఎవరైనా చేస్తారు, నెలల తరబడి అదే తీరు ఉంటే అనుమానించాలి. తెలియని టీచరు ‘అశ్రద్ధ’ అని ఎర్రసిరాతో రాసి ఇంపోజిషన్ ఇస్తారు. తెలిసినవారు నోటితో అడిగి చూస్తారు, ఐఈఆర్‌పీకి ఫోన్ చేస్తారు. ఆ అమ్మాయి బడి మానేస్తుందా లేదా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

‘మిగతా క్లాసు వెనకబడుతుంది.’ బోర్డు వైపు తిరిగి ‘దీనికి ఇది కలిపితే ఇదొస్తుంది’ అని లెక్క చేసే టీచర్ని చూడండి. చూపు తక్కువున్న పిల్లాడికి అందులో ఏమీ అందదు. ‘325కి 49 కలిపితే 374’ అని పైకి చెబుతూ రాస్తే వాడికి అందుతుంది, వెనక బెంచీ వాళ్లకూ అందుతుంది. వినికిడి తక్కువున్న పిల్ల కోసం క్లాసు వైపు తిరిగి మాట్లాడితే నష్టపోయేది ఎవరు?

ఇక రామానుజన్. 1904లో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్‌తో చేరి, లెక్కల్లోనే మునిగి మిగతా సబ్జెక్టుల్లో తప్పి, ఆ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. తర్వాత మద్రాసులో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్ష కూడా గట్టెక్కలేదు. చివరికి పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పనిలో చేరారు. 1913లో కేంబ్రిడ్జి గణిత ప్రొఫెసర్ హార్డీ, రామానుజన్ రాసిన ఉత్తరాన్ని పక్కన పడేసి ఉంటే? అలా పక్కన పడిపోయిన వాళ్ల పేర్లు మనకు తెలియవు గనకే, తెలివైన వాళ్లంతా వాళ్లంతట వాళ్లే పైకొస్తారనిపిస్తుంది. పల్లెల్లోని ప్రతిభగల పిల్లల కోసం సర్వేలులో గురుకులం 1971లోనే వచ్చింది. బీఎడ్‌లో ఇలాంటి పిల్లల బోధన మీద స్పెషలైజేషన్ ఉండొచ్చని 2020 జాతీయ విద్యా విధానమూ చెప్పింది. మన క్లాసుల్లో మాత్రం, లెక్కలు ఐదు నిమిషాల్లో ముగించిన పిల్లకు మళ్లీ అవే లెక్కలిస్తాం, లేదా క్లాసు లీడర్ని చేసి అల్లరి చేసేవాళ్ల పేర్లు రాయమంటాం. ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసి పై తరగతుల సిలబస్ ముందే రుద్దడం కూడా దీనికి జవాబు కాదు. అదే పాఠంలో ఇంకాస్త లోతైన ప్రశ్న ఇవ్వడం టీచరుకు రావాలి, అది నేర్పితేనే వస్తుంది.

‘ట్రైనింగుల్లో పీపీటీలు చూసి సంతకం పెట్టి రావడమేగా’ అనే మాట మాత్రం చాలాచోట్ల నిజం. దానికి మందు ట్రైనింగు ఎత్తేయడం కాదు, తీరు మార్చడం. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. ఐఈఆర్‌పీని పిలిచి, ఒక పిల్లాడి నోటుబుక్కు ముందు పెట్టుకుని గంటసేపు మాట్లాడుకోవడానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు.