వుక్ బ్రాంకోవిచ్ ద్రోహి కాడు

సెర్బియా జానపద గాథల్లో వుక్ బ్రాంకోవిచ్ అంటే ద్రోహి. 1389లో కొసొవో మైదానంలో ఒట్టోమన్ సుల్తాన్ మురాద్ సైన్యంతో పోరు జరుగుతుంటే, పిల్లనిచ్చిన మామ లజార్ ప్రభువును వదిలేసి తన దళాలతో తప్పుకున్నాడని, అందుకే దేశం పోయిందని పాడతారు. మనకు ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న మాట ఎంత సులువుగా నోటికొస్తుందో వాళ్లకు ఆయన పేరు అలా వస్తుంది. నేను ఆ కథ నమ్మను.

ఆ యుద్ధం తర్వాత ఏం జరిగిందో చూడండి. లజార్ చనిపోయాక ఆయన భార్య మిలిత్సా సుల్తాన్‌కు లొంగిపోయి, కూతురు ఒలివేరాను కొత్త సుల్తాన్ బయజిద్ అంతఃపురానికి పంపింది. కొడుకు స్తెఫాన్ 1396లో నికొపోలిస్ దగ్గర బయజిద్ తరఫునే క్రైస్తవ సైన్యాల మీద కత్తి దూశాడు. నేను వాళ్లనూ తప్పుపట్టను, పిల్లల్ని కాపాడుకోవాల్సిన తల్లి ఇంకేం చేస్తుంది? కానీ ద్రోహి అనిపించుకున్న వుక్ మాత్రం 1392 దాకా తల వంచలేదు, తన నగరం స్కోప్యే చేజారాకే కప్పం కట్టాడు, చివరికి భూములన్నీ పోగొట్టుకుని 1397లో ఒట్టోమన్ల చెరలో చనిపోయాడు. అమ్ముడుపోయినవాడికి దక్కే బహుమతి ఇదా? ఆయన భూముల్లో ఎక్కువ భాగం వెళ్లింది స్తెఫాన్‌కే. ద్రోహం కథ అచ్చులో స్పష్టంగా కనిపించేది 1601లో, అంటే రెండు వందల ఏళ్లు దాటాక!

ఆ వుక్ కొడుకే జురాజ్. 1427లో పిల్లలు లేని మేనమామ స్తెఫాన్ చనిపోతే రాజ్యం ఇతనికొచ్చింది, కానీ ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం బెల్‌గ్రేడ్ హంగరీకి వెళ్లిపోయింది. రాజధాని లేని రాజు. అందుకే డాన్యూబ్ ఒడ్డున స్మెదెరెవోలో కొత్త కోట మొదలుపెట్టాడు. నేను కిందటేడు ఆ కోట చూశాను. మూడు మూలల కోట, ఒక పక్క డాన్యూబ్, ఇంకో పక్క యెజవా అనే చిన్న ఏరు, లోపలి బురుజు మీద ఇటుకలతో పేర్చిన శిలువ, జురాజ్ పేరు, 1430కి సరిపోయే సంవత్సరం. ఆ అక్షరాల కింద నిలబడితే కడుపులో ఏదో కదిలింది. ఆ పనికి పడిన వెట్టిచాకిరీ జనం మరిచిపోలేదు, కాకపోతే తిట్టు రాజుకు కాదు, గ్రీకు దేశం నుంచి వచ్చిన ఆయన భార్య యెరీనాకు తగిలింది. ‘శాపగ్రస్త యెరీనా’ అని ఇప్పటికీ అంటారు. పల్నాటి కథలో పాపమంతా నాగమ్మ నెత్తిన పెట్టిన మనకు ఇది కొత్తేం కాదు.

జురాజ్ పడిన టెన్షన్ ఊహించడం కష్టం. ఒక పక్క హంగరీ, ఇంకో పక్క సుల్తాన్, మధ్యలో నొవో బ్రదో వెండి గనులు, అందరి కన్నూ వాటి మీదే. కూతురు మారాను రెండో మురాద్‌కిచ్చి పెళ్లి చేశాడు. అయినా 1439లో మూడు నెలల ముట్టడి తర్వాత స్మెదెరెవో పోయింది, 1441లో ఆ అల్లుడే జురాజ్ కొడుకులు గ్రగూర్, స్తెఫాన్ ఇద్దరి కళ్లూ తీయించాడు. మారా తోడబుట్టినవాళ్ల కోసం వేడుకుందని, ఆపమన్న ఆజ్ఞ ఆలస్యంగా చేరిందని చెబుతారు. 1444లో హంగరీ, సుల్తాన్ చేసుకున్న ఒప్పందంతో రాజ్యం తిరిగొచ్చింది, ఆ ఇద్దరు కొడుకులూ ఇంటికొచ్చారు. అదే ఏడాది సుల్తాన్ మీద వార్నా యుద్ధానికి హంగరీ వాళ్లు రమ్మంటే ఆయన వెళ్లలేదు. పిరికివాడన్నారు. చూపు పోయిన కొడుకుల్ని ఇంట్లో పెట్టుకుని, సంతకం ఆరకముందే ఒప్పందం తెంచుకునేవాళ్ల వెంట ఏ తండ్రి వెళతాడు?

1453లో కాన్‌స్టాంటినోపుల్ ముట్టడికి సుల్తాన్‌కు దళం పంపాల్సొచ్చింది, అంతకు ఐదేళ్ల ముందు ఆ నగరం గోడల మరమ్మతుకు డబ్బిచ్చింది కూడా ఆయనే. 1455లో నొవో బ్రదో పడింది. 1456 డిసెంబర్‌లో జురాజ్ పోయాడు, వారసుల మధ్య గొడవలు తెగేలోపే 1459 జూన్ 20న స్మెదెరెవో లొంగింది.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి, పరాయి నేల మీద బతుకుతున్న మనం మాత్రం తర్వాతి భాగమూ చదవాలి. చూపులేని స్తెఫాన్ అల్బేనియా వెళ్లి అక్కడి ఆంజెలీనాను పెళ్లాడి, ఇటలీలో పేదరికంలో 1476లో చనిపోయాడు. పదేళ్లకు ఆంజెలీనా ఇద్దరు కొడుకుల్నీ, భర్త అవశేషాలనూ వెంటబెట్టుకుని హంగరీ రాజు ఇచ్చిన స్రెమ్ ప్రాంతానికొచ్చింది. చిన్నకొడుకు యోవాన్ 1502లో పోవడంతో వాళ్ల అధికారం ముగిసింది. పెద్దవాడు సన్యాసం తీసుకుని మాక్సిమ్‌గా మారి, ఫ్రుష్కా గోరా కొండల్లో క్రుషెదోల్ మఠం కట్టించాడు. 1716లో ఒట్టోమన్ సైనికులు అక్కడున్న ఆ కుటుంబం అవశేషాలను తగలబెట్టారు. మఠం ఇంకా ఉంది. అక్కడి జనం ఆవిడను రాణి అనరు, ‘అమ్మ ఆంజెలీనా’ అంటారు, ఆమె వేసుకున్న ఇంటిపేరు ద్రోహి అన్న ఆ వుక్‌దే.