గొలుసుకట్టు రాత చదవగలిగేది మనమే

2026 జూలై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. మన సంఘాలు పరేడ్లు, నృత్యాలు, విందులు ఏర్పాటు చేస్తాయి. చేయాల్సిందే. కానీ నార్త్, సౌత్ కరోలినా రాష్ట్రాల్లో ఉంటున్న తెలుగువాళ్లుగా మన చేతిలో ఉన్న పని ఇంకొకటి ఉంది: ఆనాటి సైనికులు పెన్షన్ కోసం ఇచ్చిన వాంగ్మూలాలు చదివి టైపు చేయడం.

షార్లెట్ నుంచి కారులో గంటలోపే కింగ్స్ మౌంటెన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో భాగంగా 1780 అక్టోబర్ 7న ఆ గుట్ట మీద సుమారు గంటసేపు పోరు జరిగింది. బ్రిటిష్ పక్షాన దాదాపు 1,100 మంది, ఎదుట స్వాతంత్ర్యం కోరేవాళ్లు దాదాపు 900 మంది. బ్రిటన్ నుంచి వచ్చినవాడు మాత్రం దాదాపు ఒక్కడే, సేనాని ప్యాట్రిక్ ఫెర్గూసన్. మిగతా వాళ్లంతా రెండువైపులా అమెరికన్లే. గెలిచిన స్వాతంత్ర్య పక్షంలో ఎక్కువమంది కొండసీమ రైతులు. సొంత తుపాకీతో, సొంత గుర్రంతో మిలీషియాలో, అంటే స్థానిక పౌరుల దళంలో చేరి కొన్ని నెలలు పోరాడి, మళ్లీ పొలం పనులకు ఇంటికెళ్లేవాళ్లు.

ఆ రోజు యుద్ధంలో ఉన్న జేమ్స్ కాలిన్స్‌కు పదహారేళ్లు. మర్నాడు ఓడినవాళ్ల భార్యాపిల్లలు శవాల గుట్టల్లో తమ వాళ్లను వెతుక్కుంటూ వచ్చారని, పైపైన పూడ్చిన శవాలను తోడేళ్లు వదల్లేదని అతను ముసలితనంలో గుర్తు చేసుకున్నాడు. వారం తిరిగేసరికి గెలిచినవాళ్లు తొమ్మిదిమంది ఖైదీలను ఉరితీశారు. ఏ పరేడ్‌లోనూ ఈ మాట వినిపించదు.

ఇలాంటి జ్ఞాపకాలు వేలల్లో మిగలడానికి కారణం ఒక పెన్షన్ చట్టం. 1832లో, కనీసం ఆరు నెలలు పోరాడిన మిలీషియా వాళ్లకు కూడా పెన్షన్ ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కూడా ఇదే సీమవాడు. పదమూడేళ్లకే స్వాతంత్ర్య యుద్ధంలో దిగాడు, ఆ యుద్ధకాలంలోనే తల్లినీ ఇద్దరు అన్నలనూ పోగొట్టుకున్నాడు. పెన్షన్ కావాలంటే కౌంటీ కోర్టుకు వచ్చి, ప్రమాణం చేసి, ఎవరి కింద ఎక్కడెక్కడ పోరాడారో చెప్పాలి. కాగితాలు పోయి యాభై ఏళ్లైనవాళ్లు, తేదీలు మర్చిపోయినవాళ్లు వచ్చి కెప్టెన్ల పేర్లు, దాటిన నదుల పేర్లు చెప్పారు. సంతకం రానివాళ్లు ఇంటూ గుర్తు పెట్టారు. 1776లో ఇక్కడి ఆదివాసులైన చెరోకీల ఊళ్లు, మొక్కజొన్న చేలు తగలబెట్టిన దండయాత్రను కూడా సైనిక సేవ కిందే చెప్పుకున్నారు. తర్వాత వితంతువుల వంతు వచ్చింది. పెళ్లి రుజువు కోసం కొందరు ఇంటి బైబిల్లో పుట్టుక, పెళ్లి తేదీలు రాసుకున్న పేజీలు చింపి పంపారు. మన దేశంలో స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్‌కూ ఆరు నెలల జైలు అనే నిబంధన ఉంది కాబట్టి, ఈ రుజువుల తిప్పలు మనకు కొత్తవి కావు.

అందరికీ న్యాయం జరగలేదు. ఇష్మాయిల్ టైటస్ నల్లజాతి బానిస. యజమాని కొడుకు బదులు యుద్ధానికి వెళ్లి, స్వేచ్ఛ పొంది, కింగ్స్ మౌంటెన్‌లోనూ పోరాడాడు. అతని దరఖాస్తును తిరస్కరించారు.

సుమారు 80,000 పెన్షన్ ఫైళ్లు అమెరికా ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. స్కాన్ చేసిన పేజీలు చదివి టైపు చేయడానికి వాలంటీర్లను పిలుస్తున్నారు. ఆ కోర్టు గుమస్తాల రాత అంతా గొలుసుకట్టు. ఇక్కడ పుట్టిన మన పిల్లల్లో చాలామందికి అది చదవడం రాదు. మనకు వస్తుంది. నాలుగు గీతల కాపీ పుస్తకంలో, మాస్టారి బెత్తం భయంతో, రోజూ ఒక పేజీ ఇంగ్లిష్ కాపీ రాసిన తరం మనది.

'ఇది మన చరిత్ర కాదు కదా' అనేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ ఇళ్లు కొన్నాం, పన్నులు కడుతున్నాం, పౌరసత్వ పరీక్ష కోసం పదమూడు కాలనీల పేర్లు బట్టీపట్టాం. ఆ బట్టీలో దొరకని అమెరికా ఈ ఫైళ్లలో ఉంది. గెలుపుతోపాటు దోపిడీ, పగ, ఆకలి కూడా చెప్పిన మనుషులు ఇందులో ఉన్నారు. మన పిల్లలకు ఈ దేశం గురించి ఇంత నిజాయితీగా చెప్పే పాఠం బడిలో దొరుకుతుందని నేననుకోను.

అందుకే మన సంఘం నెలకో ఆదివారం, తెలుగు తరగతులు అయ్యాక, ఓ రెండు గంటలు దీనికి కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పెద్దవాళ్లు చదవాలి, పిల్లలు టైపు చేయాలి. హాలు ఉంది, ల్యాప్‌టాప్‌లు అందరి దగ్గరా ఉన్నాయి. అందరం కలిసి చదివే మొదటి ఫైలు ఇష్మాయిల్ టైటస్‌ది కావాలని నా కోరిక.