మూడు పెట్టెలు, ఒక నట్టు

పండక్కి మనవలకి బొమ్మలు కొనడంలో మా బాబాయి సూత్రం ఒక్కటే, కోడళ్లకీ కూతురికీ మధ్య పేచీ రాకూడదు. ఆడుకునేది పిల్లలే గానీ ధర చూసేది వాళ్ల అమ్మలు కదా! అందుకని ఈ సంక్రాంతికి రాజమండ్రి వెళ్లి, నట్లూ బోల్టులూ రేకు పట్టీలూ బిగించి క్రేను కట్టే సెట్లు మూడు, అచ్చం ఒకేలాంటివి, అమలాపురం బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. పెట్టె మీద పదేళ్లు దాటినవాళ్లకి అని రాసుంది. పిల్లల వయసులేమో రెండున్నర, ఎనిమిది, పదమూడు. "సగటు తీస్తే ఎనిమిదొస్తుందిరా, రెండేళ్లే కదా తక్కువ" అన్నాడు.

ఈ రకం బొమ్మకి పుట్టిల్లు ఇంగ్లండులోని లివర్‌పూల్. ఫ్రాంక్ హార్న్‌బీ అనే గుమాస్తా తన కొడుకుల కోసం రేకు పట్టీలు కత్తిరించి, అరంగుళానికొక చిల్లు పెట్టి, ఏ ముక్క ఎక్కడైనా పట్టేలా చేసి 1901లో పేటెంటు తీసుకున్నాడు. మెకానో అనే పేరు తర్వాత వచ్చింది. ఆ సెట్లకి నంబర్లుండేవి. ఒకటో నంబరు ఉన్న పిల్లాడు 'ఒకటి ఎ' కొనుక్కుంటే రెండో నంబరుకి ఎక్కేవాడు, బడిలో తరగతి మారినట్టు. ఎవరికి చేతనైన మెట్టు మీద వాళ్లుండాలని ఆయన అప్పుడే కనిపెట్టాడు బాబాయ్ అని చెప్పబోతే, "లివర్‌పూల్‌లో తోడికోడళ్లు ఉండరురా" అని నా నోరు మూయించాడు.

పదమూడేళ్లవాడు హైదరాబాదు. పెట్టె తెరిచి, బొమ్మల పుస్తకం తిరగేసి, క్రేను కట్టే వీడియో ఫోన్లో చివరిదాకా చూసి, చూడ్డం అయింది కాబట్టి పనీ అయిందనుకుని పక్కన పడేశాడు. ఎనిమిదేళ్లది భీమవరం. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులున్నాయి, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటరు మోటారు విప్పినప్పుడల్లా పక్కన కూర్చుని స్పానర్లు అందించే పిల్ల. అది మూడు పెట్టెలూ ఒకటే కుప్ప చేసి, పుస్తకం మొహం చూడకుండా, కప్పీ వేసి, దారం చుట్టి, అరటిపండు ఎత్తే క్రేను కట్టేసింది. ఇక బుడ్డోడికి ఇనుప నట్టుకీ మరమరాలకీ తేడా లేదు.

నన్నడిగితే పెట్టె మీది వయసుని ఒక్క విషయంలో మాత్రం కళ్లు మూసుకుని నమ్మాలి. మూడేళ్లలోపు పిల్లలకి వద్దంటే వద్దంతే, చిన్న ముక్కలు గొంతులో అడ్డం పడతాయి. ఆ వయసుకి చేత్తోనే తిప్పగలిగే పెద్ద పెద్ద ప్లాస్టిక్ బోల్టులు చాలు. ఆ పైన వయసు కంటే చేతి అలవాటు ముఖ్యం, ఒక్క పూటలో ఒక బొమ్మ పూర్తయ్యే చిన్న సెట్టుతో మొదలుపెట్టి, అది అవలీలగా చేస్తుంటే గేర్లూ మోటార్లూ ఉన్నవి కొనొచ్చు. ఇదంతా నేను మనసులోనే అనుకున్నాను, అప్పటికే ఇల్లు ఘొల్లుమంటోంది.

సాయంత్రం సర్దేటప్పుడు లెక్క చూస్తే ఒక నట్టు తక్కువ. బుడ్డోడిని "మింగావా నాన్నా?" అని అడిగితే "ఊఁ" అన్నాడు. ఏనుగుని మింగావా అన్నా వాడు "ఊఁ" అనే అంటాడు, కానీ ఆ టెన్షన్‌లో ఆ ప్రశ్న ఎవరికి తడుతుంది? పండగ పూట అమలాపురం పరుగెత్తి, డాక్టరు గారిని భోజనం మీంచి లేపి, ఎక్స్‌రే తీయిస్తే, ఇనప ముక్క తెల్లగా కనబడాల్సిన చోట ఏమీ లేదు. "ఏం లేదండీ, బాబు బంగారంలా ఉన్నాడు" అన్నారాయన. బాబాయి మాత్రం ఫిల్ముని లైటుకి అడ్డం పెట్టి దారంతా వెతుకుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి భీమవరం పిల్ల టేబుల్ ఫ్యాను ముందు కూర్చుని ఉంది. చలికాలమైనా దోమలకి ఫ్యాను తప్పదు మాకు. దాని జాలీ దసరా నుంచీ పురికొసతో వేలాడుతోంది, ఇప్పుడు బిగుసుకుని ఉంది, తళతళలాడే కొత్త నట్టుతో.

"ఇది నువ్వు పెట్టావా? మరి చెప్పవేమే!"

"మీరందరూ వాణ్నే అడిగారు తాతయ్యా, నన్నెవరూ అడగలేదు."

వంటింట్లో అరిసెల దగ్గర్నుంచి అప్పుడే ఇవతలకొచ్చిన పిన్ని ఫ్యాను చూసి మురిసిపోయింది. బాబాయి లెక్క సరిచేద్దామని స్పానరు పట్టుకోబోతే చెయ్యి పట్టుకు ఆపేసింది.

"మీరు దసరా నుంచీ తెస్తానన్న నట్టు ఇప్పటికి వచ్చింది, దాని జోలికెళ్లకండి. మీ క్రేనుకి కావాలంటే ఆ పురికొస కట్టుకోండి, ఖాళీగానే ఉందిగా."