దొరకని పుస్తకానికీ లెక్క రాయాలి

విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఏటా ఇచ్చే నివేదికలో పెద్ద అంకెలకు కొదవ ఉండదు. ర్యాకుల్లోని సంపుటాలు, ఇష్యూ అయిన పుస్తకాలు, గేటు దాటిన పాఠకులు, డౌన్‌లోడ్ అయిన వ్యాసాలు. ఇప్పుడు అవే అంకెలు డాష్‌బోర్డు మీద రంగుల గ్రాఫులయ్యాయి. అంకెలు నిజమైనవే. కానీ అన్నీ నెరవేరిన పని గురించి చెప్పేవే. పాఠకుడు వెతికి, దొరక్క, ఎవరినీ అడగకుండా వెళ్లిపోయిన సందర్భం వాటిలో ఒక్కటీ కనిపించదు. సేవను బాగుచేయడానికి కావలసిన సమాచారం మాత్రం ఆ వెళ్లిపోయినవారి దగ్గరే ఉంది. డేటా విశ్లేషణకు గ్రంథాలయం కేటాయించే మొదటి గంట వాళ్లకే చెందాలి.

ఇష్యూ లెక్కల మీద మోజు కొత్తది కాదు. దాదాపు 80 శాతం ఇష్యూలు 20 శాతం పుస్తకాలతోనే జరుగుతాయని 1969లో రిచర్డ్ ట్రూస్వెల్ చూపారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1969లో కొన్న పుస్తకాల్లో 39.8 శాతం ఆరేళ్లపాటు ఒక్కసారి కూడా బయటికి వెళ్లలేదని అలెన్ కెంట్ బృందం 1979లో తేల్చింది. గ్రంథాలయ శాస్త్రం చదివినవారికి ఇవి తెలిసిన అంకెలే. వీటి నుంచి అందరూ తీసుకున్న పాఠం కదలని పుస్తకాలను ఏరివేయడం. అవి కదలని ఆ ఆరేళ్లలో పాఠకులు ఏమడిగి లేదనిపించుకున్నారో ఇష్యూ రికార్డు చెప్పలేదు. లేని పుస్తకానికి ఇష్యూ ఉండదు కదా.

కేటలాగ్‌లో సున్నా ఫలితాలొచ్చిన వెతుకులాటలతో మొదలుపెట్టాలి. సర్వర్ తనంతట తాను రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో పాఠకుడు టైప్ చేసిన మాట ఉంటుంది, ఎన్ని ఫలితాలొచ్చాయో చాలాసార్లు ఉండదు. కాబట్టి ఒక నెల లాగ్ తీసుకుని, ఆ మాటలన్నిటినీ మళ్లీ కేటలాగ్ మీద నడిపి, సున్నా వచ్చినవాటిని విడిగా తీయాలి. ఆలస్యం చేస్తే ఈలోగా కొత్త పుస్తకాలు చేరి ఫలితం మారిపోతుంది. ముందుగా సెర్చ్ ఇంజన్ల బాట్‌లు, అంటే మనుషులు కాక ప్రోగ్రాములు చేసిన వెతుకులాటలను తీసేయాలి. ఒకే సెషన్‌లో ఒకే మాట ఐదుసార్లు కొడితే ఒకటిగానే లెక్కించాలి. టైప్ చేస్తుండగానే వెతికే పెట్టె ఉన్నచోట ఇంకో చిక్కుంది. ఒక్క పదం సగం సగంగా ఆరేడు వెతుకులాటలై లాగ్‌లో పడుతుంది. చివరిదే ఉంచి మిగతావి కొట్టేయకపోతే వైఫల్యాలు అన్ని రెట్లు పెరిగి కనిపిస్తాయి. తర్వాత డేటాను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లస్టరింగ్ నడిపితే పెద్దక్షరాలు, విరామ చిహ్నాలు, పదాల వరుస తేడాతో విడిపోయిన మాటలు ఒక చోటికి చేరతాయి.

ఇక్కడి నుంచి యంత్రాన్ని పక్కన పెట్టి మనిషి కూర్చోవాలి. మూడు నాలుగు వందల మాటల నమూనాను చేత్తో విడదీస్తే నాలుగు రకాలు బయటపడతాయి. అక్షర దోషాలు. పుస్తకం ఉండీ కేటలాగ్ శీర్షిక పాఠకుడి మాటతో కలవనివి. నిజంగానే గ్రంథాలయంలో లేనివి. అసలు కేటలాగ్‌లో వెతకాల్సినవి కాని వ్యాసాల పేర్లు, డేటాబేస్ పేర్లు, పనివేళలు. ఒక్కో రకం ఒక్కో బల్ల మీదికి వెళ్లాలి. మొదటిది సెర్చ్ సెట్టింగుల పని. రెండోది కేటలాగర్‌ది, పాఠకుడి మాట నుంచి అసలు శీర్షికకు దారి చూపే ‘చూడుము’ సూచిక చేరిస్తే సరిపోతుంది. మూడోది కొనుగోళ్ల విభాగానిది. నాలుగోది వెతికే పెట్టె ఎక్కడ పెట్టామన్న ప్రశ్న, వెబ్‌సైట్ చూసేవారిది. నాలుగింటినీ కలిపి ‘విఫలమైన సెర్చ్‌లు 18 శాతం’ అని ఒక్క అంకెగా డాష్‌బోర్డుకెక్కిస్తే ఆ అంకెతో ఎవరూ ఏమీ చేయలేరు. అన్నిటినీ ఒకేచోట వెతికే డిస్కవరీ వ్యవస్థల్లో సున్నా దాదాపు రాదు, సంబంధం లేని వేల ఫలితాలొస్తాయి. అక్కడ దేన్నీ నొక్కకుండా వెంటనే మాట మార్చి మళ్లీ వెతికితే దాన్ని వైఫల్యంగా లెక్కించాలి.

రిజర్వేషన్ల వరుస రెండో గని. పుస్తకం ఒక్కో ప్రతికి ఎంతమంది వేచి ఉన్నారన్న నిష్పత్తిని చాలామంది చూస్తారు. చూడాల్సింది రోజులు. ఇష్యూ గడువు 14 రోజులు, వచ్చిన పుస్తకం కౌంటర్ దగ్గర 3 రోజులు ఆగుతుందనుకుందాం. ఉన్నది ఒక్క ప్రతి. ఇప్పుడు చదువుతున్నవారితో కలిపి ముందు ఐదుగురు ఉంటే తర్వాతివాడికి పుస్తకం అందడానికి 85 రోజులు పట్టవచ్చు. పన్నెండు వారాలు దాటాయి. అప్పటికి సెమిస్టర్ అయిపోతుంది. నిష్పత్తి చూసినవారికి ఇది ‘ఐదుకు ఒకటి’, ఫరవాలేదనిపిస్తుంది. పైగా విసిగి రద్దు చేసుకున్నవారు నివేదికలో మాయమవుతారు. గ్రంథాలయాలు వాడే కోహా అనే సాఫ్ట్‌వేర్‌లో అమల్లో ఉన్న రిజర్వేషన్లు ‘రిజర్వ్స్’ అనే టేబుల్‌లో ఉంటాయి, పూర్తయినవీ రద్దయినవీ ‘ఓల్డ్ రిజర్వ్స్’కు వెళ్లిపోతాయి. మొదటి టేబుల్ మీదే రిపోర్టు రాసుకుంటే ఎక్కువ నష్టపోయినవారే లెక్కలోకి రారు. రద్దు తేదీ ఉన్న వరుసలను తీసి, రిజర్వు చేసిన రోజు నుంచి రద్దు దాకా ఎన్నాళ్లు ఆగారో మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా మధ్యన పడే అంకె చూడండి. పాఠకుల ఓపిక ఎన్ని రోజులో అది చెబుతుంది. ప్రతులు ఎన్ని కొనాలో ఆ అంకె మీద నిర్ణయించాలి.

ఈ-వనరుల్లో వైఫల్యాన్ని లెక్కించే ఏర్పాటు ఇప్పటికే ఉంది, తెరిచి చూడటమే తక్కువ. ఈ-వనరుల వినియోగాన్ని ప్రచురణకర్తలు ఒకే తీరున లెక్కించడానికి ‘కౌంటర్’ అనే ప్రమాణం ఉంది. 2019 జనవరిలో అమల్లోకి వచ్చిన దాని ఐదో విడతలో పుస్తకాలకు టీఆర్-బీ2, జర్నళ్లకు టీఆర్-జే2 అని రెండు నిరాకరణ నివేదికలున్నాయి. ‘నో లైసెన్స్’ అంటే చందా లేక తలుపు తెరుచుకోలేదని. ‘లిమిట్ ఎక్సీడెడ్’ అంటే డబ్బు కట్టిన పుస్తకమే అయినా ఒకేసారి చదవగలిగే సంఖ్య దాటిందని. రెండో సమస్యకు లైసెన్స్ రకం మారిస్తే చాలు, కొత్త పుస్తకం అక్కర్లేదు. ఈ రెంటినీ కలిపి చూపిన గ్రాఫు తప్పుడు కొనుగోలుకు దారితీస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. చందా ఉన్నవాటినే చూపేలా ప్లాట్‌ఫాం అమర్చి ఉంటే నిరాకరణలు సున్నా వస్తాయి. అది గిరాకీ లేకపోవడం కాదు.

కేటలాగ్‌లో ‘అందుబాటులో ఉంది’ అని ఉండి ర్యాకులో కనిపించని పుస్తకం సంగతి వేరు. దానికి సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు. కౌంటర్ దగ్గర ఒక షీటు, అందులో తేదీ, కాల్ నంబర్ (ర్యాకులో పుస్తకం చోటు చెప్పే సంఖ్య), చివరికి ఎక్కడ దొరికిందో. రెండు నెలల్లో ఏ వరుసలు చెదిరిపోయాయో తెలిసిపోతుంది, స్టాక్ తనిఖీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇక చిత్రాల సంగతి. కోణాలు, వైశాల్యాల కంటే ఒకే గీత మీది స్థానాలనూ పొడవులనూ కన్ను కచ్చితంగా పోల్చగలదని గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌ల్యాండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగాలతో నిరూపించారు. పది విభాగాల వినియోగాన్ని ముక్కలుగా కోసిన వృత్తంలా ఉండే ‘పై చార్ట్‌’లో పెట్టడం అందుకే అనవసరం. అడ్డంగా పడుకోబెట్టిన బార్లు, పెద్ద నుంచి చిన్నకు, సున్నా నుంచి మొదలయ్యే అక్షం. అంతే కావాలి. విభాగంలోని విద్యార్థుల సంఖ్యతో భాగించకుండా పోలిస్తే పెద్ద విభాగమే ఎప్పుడూ గెలుస్తుంది. గేటు లెక్కనైతే ముందు రెండుతో భాగించాలి, చాలా సెన్సర్లు రాకనూ పోకనూ కలిపి లెక్కిస్తాయి. అలా భాగించినా సీట్ల సంగతి తెలియదు. గంటకోసారి తిరిగి నిండిన కుర్చీలు లెక్కపెట్టి, వారం రోజులు అడ్డంగా, గంటలు నిలువుగా హీట్‌మ్యాప్, అంటే రద్దీ పెరిగేకొద్దీ గడి రంగు ముదిరే పటం గీయాలి. సగటున సగం సీట్లు ఖాళీ అని చెప్పే గదిలోనే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కుర్చీ దొరకదన్న సంగతి అప్పుడు కంటికి కనిపిస్తుంది. చోటు లేక తిరిగి వెళ్లినవారు ఆ ముదురు రంగు గడుల వెనకే ఉన్నారు.

దీనికి వినిపించే అభ్యంతరం తెలిసిందే. బడ్జెట్ అడిగే వేళ వైఫల్యాల చిట్టా విప్పితే అధికారులు దాన్నే ఆయుధం చేసుకుంటారని లైబ్రేరియన్లు భయపడతారు. భయం అకారణం కాదు. కానీ ‘ఇష్యూలు పెరిగాయి’ అన్న గ్రాఫు చూసి నిధులు పెంచాల్సిన అవసరం ఎవరికీ తోచదు, సాగిపోతోందనే అనుకుంటారు. ఫలానా 40 పుస్తకాల కోసం విద్యార్థులు ఆగిన రోజుల మధ్యగతం ఇంత అని, ఇంకో ప్రతి కొంటే అది సగానికి తగ్గుతుందని చూపే ఒక్క పేజీ డబ్బు అడగడానికి మెరుగైన కాగితం.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. తమ విలువ నిరూపించుకోవాలన్న తొందరలో గ్రంథాలయాలు పాఠకుడి ఐడీని మార్కుల జాబితాతో ముడివేస్తున్నాయి. హడర్స్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం నడిపిన ప్రాజెక్టు 2011లో ఎనిమిది విశ్వవిద్యాలయాల డేటాతో గ్రంథాలయ వినియోగానికీ డిగ్రీ ఫలితానికీ సంబంధం ఉందని చూపింది. అది కార్యకారణ సంబంధం కాదని ఆ పరిశోధకులే చెప్పారు. బాగా చదివేవారే గ్రంథాలయానికి ఎక్కువ వస్తారనీ అనుకోవచ్చు. అయినా ఆ నమూనా చూసి, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకున్నారో ఏళ్ల తరబడి దాచిపెట్టడం విశ్లేషణ పేరుతో మామూలైపోతోంది. పాఠకుడి వ్యక్తిగత సమాచారాన్ని గోప్యంగా ఉంచడం లైబ్రేరియన్ బాధ్యతని అమెరికన్ గ్రంథాలయ సంఘం 1939లోనే నియమావళిలో రాసుకుంది. తన జబ్బు గురించో, తన విశ్వాసాల మీద సందేహం గురించో చదవాలనుకున్న విద్యార్థి, ఆ పేరు తన మార్కుల పక్కన నమోదవుతుందని తెలిస్తే ఆ పుస్తకం ముట్టుకోడు. ఆ ముట్టుకోకపోవడం ఏ లాగ్‌లోనూ పడదు. డేటా సేకరణే పుట్టించిన వైఫల్యం అది.

వైఫల్యాల లెక్క వైపు మొగ్గాల్సింది ఇందుకు కూడా. దానికి మనిషి పేరు అక్కర్లేదు. దొరకని మాట, వేచిన రోజులు, నిరాకరించిన జర్నల్, నిండిన గంట అన్నీ గ్రంథాలయం గురించి చెప్పేవే, పాఠకుడి గురించి కాదు. పేరు తీసేస్తే చాలదన్నదీ గుర్తుంచుకోవాలి. పుట్టిన తేదీ, లింగం, ఐదంకెల పిన్‌కోడ్ మూడూ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని డేటా గోప్యత పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లో అంచనా కట్టారు. చిన్న విభాగం, పీహెచ్‌డీ, రాత్రి పది గంటలు అన్న మూడు గడులూ అలాగే ఒక మనిషిని పట్టిస్తాయి. కాబట్టి లాగ్ విశ్లేషకుడి చేతికి రాకముందే, రాత్రి నడిచే స్క్రిప్టులోనే కార్డు నంబరు, ఐపీ చిరునామా చెరిపేయాలి. సమయాన్ని గంటకు కుదించాలి. ఐదు కంటే తక్కువ మంది ఉన్న గడిని పై వర్గంలో కలిపేయాలి. వెతికిన మాటల్లోనే కొందరు తమ పేరో ఫోన్ నంబరో టైప్ చేస్తుంటారు. వరుసగా ఎనిమిది అంకెలు దాటినవాటినీ, ఈమెయిల్ గుర్తు ఉన్నవాటినీ అదే స్క్రిప్టు తీసేయాలి. పేర్లు మాత్రం స్క్రిప్టుకు దొరకవు, నమూనా విడదీసే మనిషే చూసి కొట్టేయాలి. తిరిగి ఇచ్చేసిన పుస్తకాల చరిత్ర నుంచి పాఠకుడి పేరు తొలగించే సౌకర్యం కోహాలో ఉంది. దాన్ని ఆన్ చేసిన తర్వాతే డాష్‌బోర్డు పని మొదలుపెట్టాలి.